బిల్లింగ్ స్క్రీన్‌లో ఆటోకంప్లీట్: ఏ టూల్‌కిట్‌తో ఎంతవరకు

పాలకొల్లులోనో తణుకులోనో ఒక విత్తనాల షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకుందాం. రకం పేరు కొట్టే బాక్స్‌కి ఆటోకంప్లీట్ పెట్టారు. గుమస్తా ‘ఎం’ అని కొట్టగానే కింద లిస్టు దిగుతుంది: ఎంటీయూ 1001, ఎంటీయూ 1010, ఎంటీయూ 1061, ఎంటీయూ 1121, ఎంటీయూ 7029. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వరి రకాలన్నిటికీ ముందు ఎంటీయూ ఉంటుంది కాబట్టి, అతను ఆ మాట పూర్తిగా కొట్టినా లిస్టులో ఒక్క లైను తగ్గదు. పైగా కౌంటర్ ముందు నిలబడ్డ రైతు ఎంటీయూ అని అననే అనడు. ‘7029 రెండు బస్తాలియ్యి’ అంటాడు, లేకపోతే ‘స్వర్ణ’ అంటాడు. 1010 కావాల్సినవాడు ‘కాటన్‌దొర సన్నాలు’ అని అడగొచ్చు. పేరు మొదటి అక్షరాల నుంచి మాత్రమే వెతికే ఆటోకంప్లీట్ ఇక్కడ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.

ఆటోకంప్లీట్ అనగానే చాలామంది మొదట చూసేది మన టూల్‌కిట్‌లో, అంటే స్క్రీన్ మీద బాక్సులు, బటన్లు తయారుచేసే కోడ్ సరంజామాలో, ఆ సౌకర్యం ఉందా లేదా అని. ఏదో ఒక రూపంలో దాదాపు అన్నిట్లోనూ ఉంది, లేనివాటికి లైబ్రరీ దొరుకుతుంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి. అది పేరు మొదటి నుంచే వెతుకుతుందా, మధ్యలో కూడా వెతుకుతుందా? బాక్స్‌లో తానే నింపేస్తుందా, కింద చూపించి ఊరుకుంటుందా? ఎంచుకున్నాక మన చేతికి ఒట్టి పేరు వస్తుందా, ఆ పేరు వెనకున్న ఖాతా నంబర్ వస్తుందా? గోదావరి డెల్టా షాపుల వరకు నా ఓటు కింద దిగే లిస్టుకి, మధ్యలోనూ వెతకడానికి, ఖాతా నంబర్ చేతికి రావడానికి. టూల్‌కిట్లను కూడా దీన్నిబట్టే చూస్తాను.

తానే నింపడమా, చూపించడమా

బాక్స్‌లోనే మిగతా పేరు నింపేసి, ఆ నింపిన భాగాన్ని సెలెక్ట్ చేసి ఉంచే పద్ధతి ఒకటి. ఇన్‌లైన్ అంటారు, కొన్నిచోట్ల అపెండ్ అంటారు. చూడటానికి చాలా వేగంగా అనిపిస్తుంది. కొలతలు, యూనిట్లు, జీఎస్టీ రేట్లు, నాలుగైదు గోదాముల పేర్లు ఉన్నచోట నిజంగానే బాగుంటుంది.

ఖాతాదారు పేరు దగ్గర మాత్రం అది ప్రమాదం. ఎరువుల షాపుల్లో పంట డబ్బు చేతికొచ్చేదాకా నడిచేది అప్పు ఖాతాయే. గుమస్తా ‘రమణ’ అనే కొత్త మనిషి పేరు కొట్టి ఎంటర్ నొక్కుతాడు. ఇన్‌లైన్ అప్పటికే దాన్ని ‘రమణమూర్తి’గా నింపి కూర్చుంటుంది. యూరియా బస్తాలు రమణ ఇంటికి వెళ్తాయి, అప్పు రమణమూర్తి ఖాతాలో పడుతుంది. అది బయటపడేది సార్వా (ఖరీఫ్) ధాన్యం అమ్మి లెక్క చూసుకునేటప్పుడు. అప్పుడు జరిగే గొడవలో సాఫ్ట్‌వేర్ రాసినవాడి మాట ఎవరూ వినరు.

కింద లిస్టు దించే పద్ధతిలో మనిషి బాణం కీతోనో మౌస్‌తోనో ఎంచుకుంటేనే పేరు లోపలికి వెళ్తుంది. ఒక నొక్కు ఎక్కువ. ఆ ఒక్క నొక్కు ఉండాల్సిందే.

మూడో దారి మామూలు కాంబోబాక్స్. ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలి, కొత్తది కొట్టే వీలుండదు. ఐటమ్స్ ఇరవై లోపుంటే ఆటోకంప్లీట్ జోలికే వెళ్లొద్దు, అది చాలు. అంబాజీపేట కొబ్బరి వ్యాపారి స్క్రీన్‌లో కాయ సైజులు, రకాలు కలిపినా ఓ డజను దాటవు. అక్కడ టైప్ చేయించడమే అనవసరం.

తెలుగు లిపి పెట్టే పేచీలు

ఈ విషయం టూల్‌కిట్ల డాక్యుమెంటేషన్‌లో వెతికినా దొరకదు, కాబట్టి కొంచెం సావకాశంగా చెప్పుకుందాం.

కంప్యూటర్ దృష్టిలో ‘కొ’ ఒక అక్షరం కాదు, రెండు: ‘క’, దాని వెనక ఒత్వం. ‘లక్ష్మి’ మనకు రెండక్షరాలు, దానికి ఏడు. కనీసం ఇన్ని అక్షరాలు కొట్టాకే వెతకాలి అని పెట్టే హద్దు ఈ లెక్క ప్రకారమే పనిచేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఆ హద్దు మామూలుగా 2. ఇంగ్లీషులో రెండు అక్షరాలంటే రెండు నొక్కులు, తెలుగులో ‘కొ’ ఒక్కదానితోనే హద్దు దాటిపోతుంది. ‘స్వ’ అంటే మూడు. హద్దు 3 పెట్టినా మన పేర్ల దగ్గర అది పెద్ద ఆలస్యం కాదు.

ఈ లెక్కలో మంచి కూడా ఉంది. ‘పాలక’ వరకు కొడితే పాలకొల్లు, పాలకోడేరు రెండూ లిస్టులో ఉంటాయి, ఎందుకంటే రెండిటిలోనూ ‘క’ తర్వాతే గుణింతం వస్తుంది. ఒత్వం కొడితే ఒకటి మిగులుతుంది, ఓత్వం కొడితే ఇంకొకటి. పాలగుమ్మి, పాలంగి అప్పటికే తప్పుకుని ఉంటాయి. కానీ ఇదే చోట ఇన్‌లైన్ పెడితే, మీరు ‘క’ కొట్టగానే స్క్రీన్ మీద ‘కొ’ కనిపిస్తుంది, ఎందుకంటే నింపిన భాగం గుణింతంతో మొదలై మీ అక్షరానికి అతుక్కుంటుంది. తప్పు కొట్టాననుకుని మనిషి బ్యాక్‌స్పేస్ నొక్కుతాడు. తెలుగు పేర్లకు ఇన్‌లైన్ వద్దనడానికి ఇది రెండో కారణం, నా లెక్కలో మొదటిదానికంటే గట్టిది.

లిస్టులో వెతికిన భాగాన్ని బోల్డ్‌లో చూపించాలనే సరదా చాలామందికి ఉంటుంది. తెలుగులో ‘క’ని బోల్డ్ చేసి గుణింతాన్ని మామూలుగా వదిలితే అక్షరం రెండు ముక్కలవుతుంది, గుణింతం ఒక చుక్కల సున్నా మీద వేలాడుతుంది. చేస్తే పూర్తి అక్షరం దాకా చేయాలి, లేదంటే వదిలేయాలి. నేనైతే వదిలేస్తాను.

మధ్యలో వెతకడానికి లంక గ్రామాలు మంచి పరీక్ష. ఎదుర్లంక, కేదార్లంక లాంటి పేర్లలో ‘ల’ కంటికి ఒత్తుగా కనిపిస్తుంది. లోపల మాత్రం ర, పొల్లు, ల, సున్నా, క అనే వరుసే ఉంటుంది. అందుకని ‘లంక’ అని కొడితే మధ్యలో వెతికే పద్ధతికి రెండూ దొరుకుతాయి. పదం మొదట్లో మాత్రమే వెతికే పద్ధతికి ఒక్కటీ దొరకదు, లంకల గన్నవరం తప్ప.

ఇక కంటికి కనపడని తేడాలు. ఐత్వం తెలుగులో రెండు రకాలుగా నిల్వ కావొచ్చు: ఒకే కోడ్‌గా, లేదా ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు కలిపి రెండుగా. యూనికోడ్ ప్రకారం రెండూ సమానమే, కానీ నేరుగా పోల్చే ప్రోగ్రామ్‌కి సమానం కాదు. ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (రెండు రూపాలనూ ఒకే రూపానికి తేవడం) చేసి దాచుకుంటే ఆ తేడా పోతుంది. రెండోది జీరో విడ్త్ నాన్ జాయినర్, అక్షరాలు కలవకుండా ఆపే కనపడని గుర్తు. ‘రాజ్‌కుమార్’ అనే పేరులో పొల్లు విడిగా కనపడటానికి కొందరి కీబోర్డు దాన్ని పెడుతుంది, కొందరిది పెట్టదు. దీన్ని నార్మలైజేషన్ తీసేయదు, మనమే తీసేయాలి. చూపించే పేరులో ఉంచండి, వెతికే పేరులో తీసేయండి.

అంటే పేరుకి రెండు రూపాలు దాచాలన్నమాట, ఒకటి కంటికి, ఇంకొకటి వెతుకులాటకు. ఆ రెండోది ఒకసారి మొదలుపెట్టాక చాలా పనులకు వస్తుంది. నరసాపురం, నర్సాపురం రెండూ అందులో వేయొచ్చు. మలికిపురం పక్కన మల్కిపురం. 7029 పక్కన స్వర్ణ, 1121 పక్కన శ్రీధృతి, 1061 పక్కన ఇంద్ర. షాపుల్లో చాలామంది తెలుగు పేరుని ఇంగ్లీషు అక్షరాలతోనే కొడతారు కాబట్టి ఆ స్పెల్లింగులూ అందులోనే. కాబట్టి వెతికేది ఒక కాలమ్‌లో, చూపించేది ఇంకో కాలమ్ నుంచి అన్న వీలు టూల్‌కిట్‌లో ఉందా లేదా అన్నది పెద్ద ప్రశ్న అవుతుంది.

ఫొనెటిక్ కీబోర్డుతో (ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు మాట వచ్చేది) కొట్టేవాళ్ల సంగతి ఒక్క మాట. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ పెట్టుకుంటే అది తన సొంత లిస్టు చూపిస్తుంది, మీ ఆటోకంప్లీట్ లిస్టు దాని మీదో కిందో పడుతుంది. పదం ఖాయమయ్యేదాకా మీ బాక్స్‌లోకి అక్షరాలు పూర్తిగా రాకపోవచ్చు. కీ నొక్కినప్పుడల్లా వెతికేలా రాసిన కోడ్ ఇక్కడే తికమకపడుతుంది. టెక్స్ట్ మారినప్పుడు వెతకండి. తెలుగు అక్షరాలు నేరుగా పడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో కొట్టేవాళ్లకు ఈ బాధ లేదు.

క్యూటీ

డెస్క్‌టాప్‌కి ఏదైనా తీసుకోగలిగే స్వేచ్ఛ ఉంటే క్యూటీ తీసుకోండి. ఇది సీ++లోనూ పైతాన్‌లోనూ వాడే టూల్‌కిట్. అందులో ఆటోకంప్లీట్ పని చూసే క్యూకంప్లీటర్ 4.2 వెర్షన్ నుంచి ఉంది. లైన్ ఎడిట్‌కి సెట్‌కంప్లీటర్ అని ఒక్క లైను రాస్తే చాలు, ఎడిట్ చేయగల కాంబోబాక్స్‌కీ అంతే. మూడు పద్ధతులున్నాయి: కింద లిస్టు, వడకట్టని లిస్టు, ఇన్‌లైన్. ఏమీ చెప్పకపోతే లిస్టే దించుతుంది, ఒకేసారి ఏడు లైన్లు చూపిస్తుంది.

మధ్యలో వెతకడం 5.2లో వచ్చింది. ఫిల్టర్ మోడ్‌ని మ్యాచ్‌కంటైన్స్‌గా మార్చాలి. చెప్పకపోతే మొదటి నుంచే వెతుకుతుంది. ఇది మార్చాక ఇన్‌లైన్ పనిచేయదు, మనకు అక్కర్లేదు కూడా. అలాగే పెద్ద చిన్న ఇంగ్లీషు అక్షరాల తేడా చూడటం దీనికి పుట్టుకతో వచ్చిన అలవాటు. మందుల పేర్లు ఇంగ్లీషులో ఉన్న ఆక్వా షాపుకి రాస్తుంటే కేస్ ఇన్‌సెన్సిటివ్ పెట్టడం మరిచిపోకండి. తెలుగు పేర్లతో మాత్రమే పరీక్ష చేసి పంపితే ఇది మీ కంటపడదు, షాపువాడి కంట పడుతుంది.

వెతికే కాలమ్ వేరు, చూపించే కాలమ్ వేరు అన్నదాన్ని కంప్లీషన్ రోల్‌తో చేయొచ్చు. మోడల్‌లో (పేర్లు దాచే చోటు) ఒక రోల్‌లో (ఒకే పేరుకి తగిలించే ఇంకో విలువ) వెతుకులాట మాటలు పెట్టి, కంప్లీటర్‌కి ఆ రోల్ చెప్పండి. పాప్‌అప్‌లో మామూలు పేరే కనిపిస్తుంది. ఒక మెలిక ఉంది: ఎంచుకున్నాక బాక్స్‌లోకి కూడా ఆ వెతుకులాట మాటలే వచ్చి పడతాయి. దాన్ని ఆపడానికి సబ్‌క్లాస్ చేసి పాత్‌ఫ్రమ్‌ఇండెక్స్ అనే ఫంక్షన్‌లో చూపించే పేరు తిరిగివ్వాలి. నాలుగు లైన్ల పని.

ఖాతా నంబర్ కోసం, పేరు ఎంచుకోగానే వచ్చే యాక్టివేటెడ్ సిగ్నల్‌లో స్ట్రింగ్ ఇచ్చేది కాకుండా మోడల్ ఇండెక్స్ ఇచ్చేదాన్ని వాడండి. పైతాన్‌లో రాసేవాళ్లు ఏ రకం కావాలో అక్కడే చెప్పాలి. వచ్చే ఇండెక్స్ కంప్లీటర్ వడకట్టిన లిస్టులోది, మీ అసలు మోడల్‌లోది కాదు. వరుస నంబర్ పట్టుకుని అసలు లిస్టులో చూస్తే వేరే మనిషి వస్తాడు. ఇండెక్స్ నుంచే నేరుగా డేటా అడిగితే సరిపోతుంది.

పెద్ద టెక్స్ట్ ఎడిట్‌కి మాత్రం సెట్‌కంప్లీటర్ లేదు. అక్కడ కర్సర్ ముందున్న పదాన్ని తీసుకుని, పాప్‌అప్‌ని కర్సర్ దగ్గర నిలబెట్టి, కీలను మనమే పట్టుకోవాలి. క్యూటీ ఉదాహరణల్లో దీనికి పూర్తి నమూనా ఉంది. బిల్లింగ్‌లో ఈ అవసరం రాదు. దస్తావేజులు రాసే చోట, ‘సదరు’, ‘యావత్తు’ లాంటి మాటలు మళ్లీ మళ్లీ కొట్టేవాళ్లకు రాస్తుంటే పనికొస్తుంది.

పైతాన్‌తో అమ్మే సాఫ్ట్‌వేర్ అయితే లైసెన్స్ చూసుకోండి. పైక్యూటీ6, ప్రోగ్రామ్‌తో పాటు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాల్సిన జీపీఎల్ కిందనో, డబ్బు కట్టే లైసెన్స్ కిందనో వస్తుంది. పైసైడ్6 అంత కట్టడి లేని ఎల్‌జీపీఎల్ కింద కూడా దొరుకుతుంది. ఆటోకంప్లీట్ వరకు రెండిటిలో పని ఒకటే.

విన్‌ఫామ్స్, దాని చుట్టాలు

డెల్టాలో ఇప్పటికే నడుస్తున్న షాపు సాఫ్ట్‌వేర్‌లో మైక్రోసాఫ్ట్ పాత టూల్‌కిట్ విన్‌ఫామ్స్ మీద రాసినవి ఎదురవుతూనే ఉంటాయి, కాబట్టి ఎంచుకునే స్వేచ్ఛ లేక వచ్చేవాళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. డాట్‌నెట్ 2.0 నుంచి టెక్స్ట్‌బాక్స్‌లో ఆటోకంప్లీట్ మోడ్ ఉంది: సజెస్ట్, అపెండ్, రెండూ కలిపిన సజెస్ట్‌అపెండ్. సోర్స్‌ని కస్టమ్ చేసి, స్ట్రింగుల కలెక్షన్ ఇస్తే పనైపోతుంది. కోడ్ రాయకుండా డిజైనర్‌లోనే పెట్టేయొచ్చు. ఇంత సులువు ఇంకెక్కడా లేదు.

ఆ సులువుకి తగ్గట్టే హద్దులు. మొదటి నుంచే వెతుకుతుంది, మధ్యలో వెతకదు. స్ట్రింగులు తప్ప ఇంకేమీ దాచదు, ఖాతా నంబర్ రాదు. ఒకటి కంటే ఎక్కువ లైన్లున్న బాక్స్‌లో పనిచేయదు. ఈ మొదటి హద్దు దాటాలని కొందరు ప్రతి అక్షరానికి ఆ కలెక్షన్‌ని ఖాళీ చేసి కొత్త పేర్లతో నింపుతారు. వద్దు. టైప్ చేస్తుండగా ఆ లిస్టు మార్చడం ప్రోగ్రామ్ ఉన్నట్టుండి కూలిపోవడానికి పేరుమోసిన కారణం.

పాత ప్రోగ్రామ్‌ని మార్చలేని పరిస్థితిలో ఉంటే రెండు పనులు చేయొచ్చు. ఒకటి, స్ట్రింగ్‌నే తెలివిగా రాయడం: ‘7029 స్వర్ణ ఎంటీయూ’, ‘సత్యనారాయణ, ఆత్రేయపురం’ అని గుర్తుపట్టే ముక్క ముందు పెట్టి, ఊరు వెనక చేర్చడం. మన దగ్గర ఒకే షాపులో సత్యనారాయణలు పదిమంది ఉండటం వింతేమీ కాదు, ఊరు లేకుండా ఏ ఆటోకంప్లీట్ అయినా గుడ్డిదే. మోడ్ సజెస్ట్ మాత్రమే, అపెండ్ కలపొద్దు. రెండోది, టెక్స్ట్‌బాక్స్ కింద మీరే ఒక లిస్ట్‌బాక్స్ పెట్టి నింపుకోవడం. పని ఎక్కువే, కానీ మధ్యలో వెతకడం, ఖాతా నంబర్ రెండూ దొరుకుతాయి. అప్పు ఖాతాలున్న షాపుకి నేను రెండోదే చేస్తాను.

మైక్రోసాఫ్ట్‌దే అయిన డబ్ల్యూపీఎఫ్‌లో టెక్స్ట్‌బాక్స్‌కి ఆటోకంప్లీట్ ఏమీ లేదు. ఎడిట్ చేయగల కాంబోబాక్స్‌లో టెక్స్ట్ సెర్చ్ ఉంటుంది, అది మొదటి నుంచి వెతికి ఇన్‌లైన్‌గా నింపేదే. కొత్త విన్‌యూఐలోని ఆటోసజెస్ట్‌బాక్స్ తత్వం వేరు: అది వెతకదు, వెతకమని మీకు చెబుతుంది, మీరిచ్చిన లిస్టు చూపిస్తుంది. అంటే ఏ పద్ధతైనా మీ చేతిలోనే. టెక్స్ట్ మారిన కారణం మనిషి కొట్టడమా, ఎంచుకున్న పేరు బాక్స్‌లో పడటమా అన్నది ఈవెంట్‌లోనే ఉంటుంది. అది చూడకుండా రాస్తే పేరు ఎంచుకున్న వెంటనే లిస్టు మళ్లీ దిగుతుంది.

విండోస్, లినక్స్ రెండిట్లో నడిచే డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్‌లో ఆటోకంప్లీట్ అనే ఒక్క ఫంక్షన్‌కి పేర్ల లిస్టు ఇస్తే చాలు. ఫైల్ పేర్లకు, ఫోల్డర్లకు వేరే ఫంక్షన్లున్నాయి. సులువులో దాదాపు విన్‌ఫామ్స్‌తో సమానం, హద్దుల్లో కూడా.

జావా, జీటీకే, టీకే: క్లుప్తంగా

జావా పాత టూల్‌కిట్ స్వింగ్‌లో సొంతంగా ఏమీ లేదు. స్వింగ్‌ఎక్స్ లైబ్రరీలోని ఆటోకంప్లీట్ డెకరేటర్ ఉన్న కాంబోబాక్స్‌కే తగులుకుంటుంది, కానీ అదీ ఇన్‌లైనే. దాని తర్వాత వచ్చిన జావాఎఫ్‌ఎక్స్ అయితే కంట్రోల్స్‌ఎఫ్‌ఎక్స్ లైబ్రరీలో టెక్స్ట్‌ఫీల్డ్‌కి ఆటోకంప్లీషన్ కట్టే ఫంక్షన్ ఉంది. వెతికే కోడ్ మనమే ఇవ్వొచ్చు కాబట్టి అదే మేలు.

లినక్స్‌లో ఎక్కువగా వాడే జీటీకేలో ఎంట్రీకంప్లీషన్ 2.4 నాటిది, మ్యాచ్ ఫంక్షన్ మనం రాసి ఇవ్వగలం, మంచి పనిముట్టు. అయితే జీటీకే 4.10లో దాన్ని డెప్రికేటెడ్ (ఇక వాడొద్దని గుర్తు) చేశారు. జీటీకే 3 మీద నడుస్తున్న ప్రోగ్రామ్‌లో నిశ్చింతగా వాడండి, కొత్తగా మొదలుపెట్టే పనికి వద్దు.

పైతాన్‌తోనే వచ్చే టీకింటర్‌లో మీరే రాసుకోవాలి, లేదా టీటీకేవిడ్జెట్స్ ప్యాకేజీలోని ఆటోకంప్లీట్ ఎంట్రీ తీసుకోవాలి. లినక్స్‌లో దాని అడుగునున్న టీకే తెలుగు అక్షరాలను సరిగ్గా కలిపి చూపించదు, ఒత్తులు విడిపోతాయి. అక్కడ తెలుగు పేర్ల ప్రోగ్రామ్ రాసే ఆలోచన ఉంటే ఆటోకంప్లీట్ దాకా కూడా రానక్కర్లేదు.

ఫోన్‌లో

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గర మేత లెక్క, మందు లెక్క రాసుకునేది ఫోన్‌లోనే. గట్టు మీద ఎండలో, ఒక చేత్తో. ఇక్కడ ఆటోకంప్లీట్ డెస్క్‌టాప్‌లో కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఆండ్రాయిడ్‌లోని ఆటోకంప్లీట్ టెక్స్ట్‌వ్యూ మొదటి వెర్షన్ నుంచి ఉంది. మామూలు అర్రే అడాప్టర్ (లిస్టుకి పేర్లు అందించేది) ఇస్తే అది పేరు మొదట్లోనూ, పేరులోని ప్రతి పదం మొదట్లోనూ వెతుకుతుంది. ఇంటిపేరు ముందు, పేరు వెనక రాసే మనకు ఇది చాలా అనుకూలం: ‘సత్య’ అని కొడితే ఇంటిపేరు ఏదైనా సత్యనారాయణలందరూ వస్తారు. ‘ఎంటీయూ 7029’లో 7029 కూడా దొరుకుతుంది, మధ్యలో ఖాళీ ఉంటేనే సుమా. ‘ఎంటీయూ-7029’ అని రాస్తే దొరకదు. లంక గ్రామాల కోసం సొంత ఫిల్టర్ రాయాలి. ఫిల్టర్ పని వెనక థ్రెడ్‌లో జరుగుతుంది కాబట్టి స్క్రీన్ ఆగదు.

పడే గుంట ఒకటుంది. లిస్టులో నొక్కినప్పుడు వచ్చే స్థానం వడకట్టిన లిస్టులోది. దాన్ని అసలు లిస్టుకి తగిలిస్తే ఎప్పుడూ మొదటి ముగ్గురు నలుగురు ఖాతాదారులే ఎంపికవుతుంటారు. క్యూటీలో చెప్పుకున్న మెలికే, ఇక్కడ ఇంకా తేలిగ్గా జరుగుతుంది. ఐటమ్‌ని పేరెంట్ (దిగిన ఆ లిస్టు) నుంచే అడగాలి.

గూగుల్ వాళ్ల టూల్‌కిట్ ఫ్లట్టర్‌లో ఆటోకంప్లీట్ విడ్జెట్ ఉంది. వెతికే ఫంక్షన్ మనదే, ఆబ్జెక్ట్‌నే ఎంపికగా తిరిగిస్తుంది, చూపించే మాట వేరుగా చెప్పొచ్చు. మనం మొదట వేసుకున్న మూడు ప్రశ్నలకూ ఇది సూటిగా జవాబిస్తుంది. చిన్న ఫోన్లలో కీబోర్డు సగం స్క్రీన్ తినేస్తుంది కాబట్టి లిస్టు పైకి తెరుచుకునే ఆప్షన్ వాడండి, లేదంటే బాక్స్‌ని స్క్రీన్ పైభాగంలో పెట్టండి. కొత్తగా ఫోన్‌కీ డెస్క్‌టాప్‌కీ కలిపి రాయాలనుకునేవాళ్లకు నా సలహా ఫ్లట్టరే. డెస్క్‌టాప్ ఒక్కటే అయితే క్యూటీ.

బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామ్ అయితే హెచ్‌టీఎంఎల్‌లోనే డేటాలిస్ట్ ఉంది, రెండు లైన్ల పని. కానీ ఎలా వెతకాలి, ఎలా కనిపించాలి అన్నది బ్రౌజర్ ఇష్టం, ఖాతా నంబర్ ఇవ్వదు. ఊరి పేరు బాక్స్‌కి సరే. ఖాతాదారు పేరుకి సరిపోదు.

పేర్లు ఎక్కడి నుంచి రావాలి

రెండు మూడు వేల పేర్ల వరకు అన్నీ మెమరీలో పెట్టుకుని వెతకండి, ఏ పాత కంప్యూటర్ అయినా తట్టుకుంటుంది. ఇంటర్నెట్ మీద సర్వర్‌ని అడిగే పద్ధతి కౌంటర్ బిల్లింగ్‌కి వద్దు. తుఫాను రోజుల్లో కరెంటు, నెట్ ఏది ముందు పోతుందో తెలియని చోట, పేరు కొట్టడానికి నెట్ కావాలంటే షాపు మూసుకోవాల్సిందే. తప్పదంటే ప్రతి అక్షరానికి అడగకుండా పావు సెకను ఆగి అడగండి. పాత ప్రశ్నకు ఆలస్యంగా వచ్చిన జవాబు కొత్త లిస్టుని తొక్కేయకుండా చూసుకోండి.

పేర్లు పదుల వేలు దాటితే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్. మొదటి నుంచి వెతికే ‘లైక్’ షరతు ఇండెక్స్‌ని వాడుకోగలదు, మధ్యలో వెతికేది వాడుకోలేదు. అప్పుడు అందరూ అందులోనే మాటలు వెతికే భాగమైన ఎఫ్‌టీఎస్5 వైపు వెళ్తారు. తెలుగుకి అక్కడొక చిక్కుంది. దాని మామూలు టోకెనైజర్ (రాతని పదాలుగా కోసేది) యూనికోడ్‌లో అక్షరాలు, అంకెలుగా ఉన్నవాటినే పదంలో భాగంగా లెక్కేస్తుంది. మన గుణింతాలు, పొల్లు ‘మార్కులు’ అనే వేరే తరగతిలో ఉంటాయి. దాంతో ప్రతి గుణింతం దగ్గరా పదం తెగిపోయి, ‘కొబ్బరి’ ఒక్క మాటగా కాకుండా విడి ముక్కలుగా నిల్వవుతుంది. టేబుల్ తయారుచేసేటప్పుడు కేటగిరీస్ అనే ఆప్షన్‌లో ఆ మార్కుల తరగతులు కూడా చేరిస్తే సరవుతుంది. లేదా 3.34 నుంచి ఉన్న ట్రైగ్రామ్ (మూడేసి కోడ్‌లుగా కోసే) టోకెనైజర్ వాడండి. అది మధ్యలోనూ వెతుకుతుంది, కనీసం మూడు కోడ్‌లు ఉండాలి. ‘స్వ’ అంటేనే మూడు కదా, మనకది లోటు కాదు.

ఊళ్ల లిస్టు తయారుచేసేవాళ్లకు ఒక మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ వచ్చింది, పశ్చిమగోదావరికి భీమవరం కేంద్రమైంది. పాత ఖాతాల్లో అమలాపురం పక్కన తూర్పుగోదావరి అనే ఉంటుంది. రెండూ లిస్టులోకి వస్తే ఒకే ఊరు రెండుసార్లు కనిపిస్తుంది. ఊరు, మండలం చూపించండి, జిల్లాని ఎంచుకున్నాక దానంతటదే పడనివ్వండి.

లిస్టులో వరుస కూడా చూడాలి. అకారాది క్రమం నిఘంటువుకి బాగుంటుంది. షాపులో మొన్న కొన్నవాడు ముందు, గత సీజన్‌లో కొన్నవాడు తర్వాత రావాలి. దాళ్వా (రబీ)లో 1121, 1010 పైకి, సార్వాలో 7029 పైకి. బిల్లు తేదీతో వరుస పెడితే ఈ పని సీజన్ మారినప్పుడల్లా దానంతటదే జరిగిపోతుంది. క్యూకంప్లీటర్ మోడల్‌లో ఉన్న వరుసనే పాటిస్తుంది, కాబట్టి మోడల్‌ని అలా నింపితే చాలు.

ఎంటర్ కీ

చివరగా, ఏ టూల్‌కిట్ ఎంచుకున్నా మీరే తేల్చాల్సింది ఇది. బిల్లు కొట్టేవాళ్లు మౌస్ ముట్టుకోరు, ఒక బాక్స్ నుంచి ఇంకో బాక్స్‌కి ఎంటర్‌తోనే వెళ్తారు. లిస్టు తెరిచి ఉన్నప్పుడు ఎంటర్ అంటే పైన మెరుస్తున్న పేరుని తీసుకోవడమా, కొట్టింది కొట్టినట్టు ఉంచి ముందుకు వెళ్లడమా? లిస్టు దిగగానే మొదటి లైను దానంతటదే మెరిసేలా పెడితే మళ్లీ ఇన్‌లైన్ ప్రమాదమే వెనక గుమ్మం నుంచి వస్తుంది. బాణం కీ నొక్కేదాకా ఏ లైనూ మెరవకూడదు. కొట్టిన పేరు ఏ ఖాతాతోనూ పూర్తిగా కలవకపోతే లిస్టు చివర ‘కొత్త ఖాతా: రమణ’ అని ఒక లైను చూపించండి. అదీ బాణంతో వెళ్లి ఎంచుకోవాల్సిందే. ఖాతా ఖాయం కాకుండా ఎంటర్ నొక్కితే కర్సర్ అక్కడే ఆగాలి. రొక్కం బిల్లు అయితే పేరు ఏదైనా, అసలు లేకపోయినా వదిలేయండి. అప్పు బిల్లుకి మాత్రం ఆ బాక్స్ దాటనివ్వకండి.